మూడుతోకల పురుగు

నమోదు 61. వాగు నీళ్ళు 16 డిగ్రీలు.

నీటి మండలివాళ్ళు ఇచ్చిన ఈ పలకలో అంకెలు మాత్రమే రాయాలట. నీటి వేడి, నీటిలో కరిగిన ప్రాణవాయువు, రాళ్ళకింద దొరికిన పురుగులు, చివర వేలిముద్ర. ఆ నియమం పెట్టిన మహానుభావుడు మోకాలిలోతు చల్లనీళ్ళలో వంగుని ఒక్క రాయి కూడా ఎత్తి ఉండడు. ఎత్తినవాడికి నడుం నొప్పితోపాటు నోరూ లేస్తుంది. నేను, ముద్దాడ సన్యాసమ్మ, తొమ్మిదోమెట్టు ఊరి వాగు పరీక్షకురాలిని, నాకు తోచినట్టే రాస్తాను. అక్కర్లేనివాళ్ళు అంకెలు చూసుకుని మిగతాది వదిలెయ్యొచ్చు.

ఇవాళ అంకెలు బాగాలేవు. మండలి గుర్తుపెట్టిన పరీక్షరేవులో ఒక్కో రాయీ ఎత్తి, దిగువన వల పట్టి, అరచేత్తో రుద్దాను. మూడుతోకల పురుగు ఒక్కటీ పడలేదు. ఇసకతో గూడు కట్టుకునే పురుగూ లేదు. దొరికినవి రెండు ఎర్రపురుగులు, ఒక జలగ. ఎర్రపురుగు మురుగులోనైనా బతికేస్తుంది. మూడుతోకలది అలా కాదు, నీళ్ళు చల్లగా శుభ్రంగా ఉంటేనే ఉంటుంది. అందుకే వాగు ఆరోగ్యం చూడాలంటే మొదట దాన్ని వెతుకుతాం.

అది దొరక్కపోవడం ఇది వరసగా రెండోసారి. మూడోసారి కూడా దొరక్కపోతే మా చలివాగు చచ్చిన వాగు కింద లెక్క. బతికున్న వాగుని ఎవరూ ముట్టుకోకూడదని చట్టం. చచ్చిన వాగుని మాత్రం గొట్టంలోకి ఎక్కించి కింద ఎండపట్నాలకి పట్టుకుపోతారు.

మా ఆయన పోలినాయుడికి చెమట పట్టదు. పట్నంలో ఎండజ్వరం వచ్చి బతికి బయటపడ్డవాళ్ళలో చాలామందికి అలాగే అయింది. ఒంట్లో వేడి బయటికి పోయే దారే లేదు. అందుకే ఈ కొండెక్కి వచ్చాం. ఎండ ముదిరేసరికి ఆయన చలిగదిలో కూర్చుని కాలవలో కాళ్ళు పెట్టుకోవాలి. ఆ కాలవలో పారేవి చలివాగు నీళ్ళే. గొట్టం వేస్తే ఆయన ఒక్క వేసవి కూడా దాటడు.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన నా మొహం చూసి, "ఏటే, ఇయ్యాల కూడా పురుగులు సుట్టాలింటికెళ్ళిపోనాయా?" అన్నాడు. నవ్వు రాలేదు నాకు.

నమోదు 63. వాగు నీళ్ళు 16 డిగ్రీలు.

వాగుకి ఎగువన గవరయ్య మడులు కొండకి మెట్లు చెక్కినట్టుంటాయి. పైన ఎండ తగలకుండా కాచే రేకులు, కింద కొర్రలు, రాగులు. ఊరందరి తిండీ అక్కణ్ణించే. కొండెక్కే తీగబండి మీద పీపాల్లో వచ్చే ఎరువునీళ్ళని మావాళ్ళు పచ్చపాలు అంటారు. వాన కొట్టినప్పుడల్లా ఆ పచ్చపాలు మడుల్లోంచి పొంగి వాగులోకి జారతాయి. ఆ తర్వాత రాళ్ళమీద పచ్చటి జిగురు పడుతుంది.

మడుల నీళ్ళు వాగులో కలిసేచోట ఎరువు చూపించే కాగితం ముంచాను. తాంబూలం వేసుకున్న నోరులా ఎర్రబడింది. అది పట్టుకుని తిన్నగా గవరయ్య దగ్గరికి వెళ్ళాను. వరసకి నాకు బావ అవుతాడు కాబట్టి మొహమాటం లేదు.

"బావా, నీ పచ్చపాలు వాగు తాగేస్తన్నాది."

"తాగనీ. బలం కదేటి," అన్నాడు నవ్వుతూ.

"బలం కాదు, విషం. ఇంకోపాలి పురుగులు దొరక్కపోతే గొట్టం వొచ్చీసినట్టే."

అతని నవ్వు ఆగింది. "కొర్ర ఎన్ను తీసిన ఏళ ఇది. ఇప్పుడు పాలు ఆపీసినానంటే గింజ పట్టదు. అప్పుడు ఊరేటి తింటాది, సన్నాసమ్మా? నీ పురుగుల్నా?"

ఆ మాట నిజమే. అందుకే మరింత ఒళ్ళుమండి, నోటికొచ్చిన నాలుగు మాటలూ అనేసి వచ్చేశాను. వాటిలో ఒకటి అతని ముక్కు గురించి. అది అనకుండా ఉండాల్సింది.

నమోదు 66. వాగు నీళ్ళు 17 డిగ్రీలు.

మండలి నుంచి కబురు వచ్చింది. మూడో పరీక్ష నేను చెయ్యకూడదట. వైజయంతి అనే అధికారిణి స్వయంగా వచ్చి చేస్తుందట. ఈలోగా పరీక్షరేవులో రాళ్ళు జరిపినా, పురుగులు తెచ్చి వేసినా, మరేం చేసినా పరీక్ష రద్దయి వాగు మండలిది అయిపోతుందట.

"ఆవిడెవులో మంచిదై ఉంటాదిలే," అన్నాడు మా ఆయన, కాళ్ళు కాలవలో ఆడిస్తూ.

"మంచిదైతే గొట్టం కంపెనీలో పని సేత్తాదా?"

"గొట్టం కంపెనీ కాదే, మండలి."

"రెండూ ఒకటే," అన్నాను. ఆవిడ కొండెక్కుతుంటే కాలు జారాలని మనసులో కోరుకున్నాను కూడా.

నమోదు 68. వాగు నీళ్ళు 17 డిగ్రీలు.

ఇవాళ వల భుజాన వేసుకుని వాగు పొడుగునా నడిచాను. ముందుగా మడులకి పైన, ఏ ఎరువూ తగలని చోట వల వేశాను. మూడుతోకలవి బిలబిల్లాడుతూ పడ్డాయి. ఇసకగూళ్ళూ ఉన్నాయి. ఇది ఊహించిందే.

తర్వాత పరీక్షరేవు దాటి కిందికి దిగాను. అక్కడ ముళ్ళపొదలు మూసుకుపోయి లోయలాగా ఉంటుంది, ఎవరూ దిగరు. చీర చిరిగింది, మోచెయ్యి గీరుకుంది. అయినా వల వేశాను. ఎక్కువ లేవు గానీ ఉన్నాయి! బక్కచిక్కిన మూడుతోకలవి, జిగురుపట్టిన రాళ్ళకింద, తోకలు ఆడిస్తూ.

నీళ్ళలోనే బండమీద చతికిలబడి ఆలోచించాను. పచ్చపాలు పురుగుల్ని మొత్తం చంపేస్తుంటే ఈ దిగువన కూడా ఉండకూడదు. ఆ నీళ్ళే కదా ఇక్కడికి వచ్చేది. పచ్చపాల వల్ల పలచబడ్డాయి, నిజమే. కానీ పైనా ఉండి, కిందా ఉండి, మధ్యలో ఒక్క పరీక్షరేవులోనే అసలు లేవంటే, ఆ రేవులో ఇంకేదో జరుగుతోంది.

వెనక్కి వచ్చి, ఒడ్డునే నిలబడి రేవులో రాళ్ళు మళ్ళీ చూశాను. ఈసారి పురుగుల కోసం కాదు, రాళ్ళనే చూశాను. పైనా కిందా రాళ్ళు మందంగా పచ్చగా ఉంటే, ఇక్కడివి నున్నగా ఉన్నాయి. జిగురు ఇప్పుడిప్పుడే పలచగా కమ్ముతోంది. ఒడ్డుమీద రెండు రాళ్ళ సందులో ఏదో గోధుమరంగు పోగు ఇరుక్కుంది. లాగితే కొబ్బరిపీచు.

ఇంటికి వెళ్ళేసరికి మా అత్త బంగారమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. బూడిద, చేతిలో కొబ్బరిపీచు.

"అత్తా, వాగులో రాళ్ళు ఎవులు తోమినారు?"

"మేవే," అంది, గిన్నెమీంచి చెయ్యి తియ్యకుండా. "ఏం?"

"ఎందుకు తోమినారు?"

"ఎందుకేటే? నువ్వు ప్రతి రాయికీ బొమ్మ తీసి పట్నపోల్లకి పంపుతావు కదా. ఆ పచ్చటి జిగురు సూసి ఆల్లు మన మొకాన ఉమ్మరా? సుట్టాలొత్తారంటే గిన్నెలు తోముకోమా? నీ పరీచ్చకి ముందురోజు ఆడోల్లందరం బూడిద, పీచు పట్టుకెళ్ళి, పాటలు పాడుకుంటా తళతళలాడీలా తోమినాం. గవరయ్య పెళ్ళాం కూడా వొచ్చింది."

"మరి, ఆ రాళ్ళకింద పురుగులు?"

"ఉండీవి. కడిగీసినాం. పురుగులున్న నీల్లు తాగుతున్నావని తెలిస్తే పరువు పోదేటి?"

నెత్తిమీద చేతులు పెట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఏడవాలో నవ్వాలో తెలీక గట్టిగా అరిచాను. ఈ ఊళ్ళో ఎవరింటికైనా ఎవరైనా వస్తున్నారంటే ముందు తోముడే. గుమ్మం తోముతారు, గంగాళం తోముతారు, మేక మూతి కూడా తోమేస్తారు. వాగు తోముతారని నాకు తట్టకపోవడమే నా తెలివితక్కువతనం.

"అత్తా, ఆ పురుగులుంటేనే వాగు బతికున్నట్టు! అవి లేవని వాగు సచ్చిపోయిందని రాసుకుంటన్నారు. గొట్టం ఏసీడానికి వొత్తన్నారు."

మా అత్త చేతిలో పీచు జారి బూడిదలో పడింది. చలిగది వైపు చూసింది. అక్కడ మా ఆయన కాలవలో కాళ్ళు పెట్టుకుని ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"నా కొడుకు కాళ్ళు పెట్టుకునీ నీల్లా?" అంది. ఆ పూట అన్నం కూడా తినలేదు.

నమోదు 69. వాగు నీళ్ళు 17 డిగ్రీలు.

ఊరందరినీ తీగబండి దగ్గర పోగుచేసి విషయం చెప్పాను. గవరయ్య ఛాతీ ఇంత పొంగింది.

"సూసినారా? నా పాల వల్ల కాదు. నా ముక్కుని అన్నన్ని మాటలనీసింది!"

"నీ ముక్కుకి దణ్ణం పెడతాను బావా. కానీ ఆ జిగురు పుట్టించింది నీ పాలే. జిగురు లేకపోతే ఈల్లు తోముదురా? ఇప్పుడు తోమడం మానీసి, నువ్వు పాలు మాత్రం వొదుల్తా ఉంటే, జిగురు బలిసిపోయి పురుగులకి ఊపిరాడదు. అప్పుడు నిజంగానే సచ్చిపోతాది."

పాలు ఆపమని నేను అడగలేదు. కొర్రలు నేనూ తింటాను. మడుల నీళ్ళు తిన్నగా వాగులోకి పోకుండా, అన్నిటికన్నా కింది మడిలోకి మళ్ళించి, అందులో చేమ నాటితే చాలని చెప్పాను. చేమ బురదలో బాగా పెరుగుతుంది, ఎరువుని పీల్చేసుకుంటుంది. దాన్ని దాటి వచ్చిన నీళ్ళు చాలావరకు తేటపడతాయి.

"కింది మడి నా రాగులు పండీ మడి," అన్నాడు గవరయ్య.

అతని భార్య చిన్నమ్మడు అంతవరకూ వెనక నిలబడి ఉంది. "ఇచ్చీ మావా," అంది. "నానూ తోమినాను ఆ రాళ్ళు. ఇచ్చీ."

గవరయ్య చాలాసేపు గొణిగాడు. చివరికి గునపం అతనే తెచ్చాడు.

నమోదు 74. వాగు నీళ్ళు 18 డిగ్రీలు.

కాలవ తవ్వడం అయింది. చేమపిలకలు నాటాం, ఆకులు విచ్చుకుంటున్నాయి. ఎరువు కాగితం ఇప్పుడు తాంబూలం రంగు కాదు, లేత గులాబీ. చాలదు గానీ నయమే.

పురుగులు ఎగువనుంచి నీళ్ళతోపాటు కొట్టుకొచ్చి, వాటంతటవే రాళ్ళు పట్టుకోవాలి. మనం చెయ్యగలిగింది ఏమీలేదు. రేవులో చెయ్యి పెట్టకూడదు కాబట్టి వచ్చాయో లేదో చూసే వీలు కూడా లేదు. ఒడ్డున నిలబడి నీళ్ళవైపు చూడ్డం తప్ప పనిలేదు. నాకు అలా చూస్తూ ఊరుకోవడం చేతకాదు. అందుకని ఇంట్లో అందరిమీదా కేకలేస్తున్నాను.

ఆడవాళ్ళకి ఇంకా కష్టంగా ఉంది. రేవు పక్కనుంచి పోతూ జిగురు చూసి మొహాలు తిప్పుకుంటున్నారు. మా అత్త అయితే కొడుకు మీద ఒట్టు పెట్టుకుంది, రేవులో ఒక్క పురుగుని కూడా కదపనని. ఆ కసంతా ఇంట్లో తీర్చుకుంటోంది. ఇంట్లో గిన్నెలు అరిగిపోయేలా ఉన్నాయి.

నమోదు 79. వాగు నీళ్ళు 19 డిగ్రీలు.

ఎండ మండిపోతోంది. ఇరవై దాటితే మూడుతోకలది బతకదు. చలిగది కూడా పనికిరాదు.

మా ఆయనకి ఒళ్ళు కాలిపోతోంది. కాళ్ళు కాలవలో ఉన్నా తలమీద తడిగుడ్డ మారుస్తూనే ఉండాల్సి వచ్చింది. మాటలాపేశాడు. మాటలాపితే నాకు భయం. "ఏటయ్యా, ఏదో ఒకటి సెప్పు," అన్నాను. "పురుగులు," అన్నాడు కళ్ళు మూసుకునే. నవ్వించాలని అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే గవరయ్య గుమ్మంలోకి వచ్చి, గొంతు తగ్గించి, "రేపే కదా ఆవిడ రావడం. పైకెళ్ళి బిందెడు పురుగులు అట్టుకొచ్చీనా? రేవులో ఒంపీసి ఊరుకుంటాం. ఎవులు సూడొచ్చినారు?" అన్నాడు.

వద్దని వెంటనే అనలేకపోయాను, అదే నిజం. మా ఆయన మొహం చూశాను. బిందె కూడా చూశాను. మా అత్త తోమి తోమి అద్దంలా చేసిన బిందె.

"వొద్దు బావా," అన్నాను చివరికి. "తెచ్చి పోసినవి రాళ్ళు పట్టుకోవు. ఓ గంటలో కొట్టుకుపోతాయి. దొరికిపోయామంటే రేపే గొట్టం."

అతను వెళ్ళిపోయాడు. మా ఆయన మాత్రం కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకున్నాడు.

నమోదు 80. వాగు నీళ్ళు 18 డిగ్రీలు.

తెల్లారగట్ల కొండమీద జల్లు పడి నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడ్డాయి. అధికారిణి ఎండెక్కాక వచ్చింది. సన్నటి మనిషి, మెడ చుట్టూ తడిగుడ్డ, ఎర్రగా కందిన మొహం. అంత కొండెక్కినా నుదుటిమీద ఒక్క చుక్క చెమట లేదు. సగం దూరం తీగబండిలో కులాసాగా వచ్చి ఉంటుందని మనసులో ఆడిపోసుకున్నాను.

ఊరంతా ఒడ్డున నిలబడింది. ఎవరూ దగ్గలేదు కూడా. ఆవిడ నీళ్ళలోకి దిగి అటూ ఇటూ చూసింది. నేనూ చూశాను.

జిగురుపట్టిన రాళ్ళ మధ్యలో ఒకే ఒక్క రాయి తెల్లగా, తళతళా మెరిసిపోతోంది.

ఆవిడ తిన్నగా ఆ రాయి దగ్గరికే వెళ్ళింది. ఎత్తింది. వల పట్టి రుద్దింది. ఏమీలేదు. ఒక్క ఎర్రపురుగు కూడా లేదు.

"ఈ రాయిని ఎవరు కడిగారు?" అంది. గట్టిగా అనలేదు. "పరీక్షరేవులో చెయ్యి పెడితే ఏమవుతుందో మీకు రాసి పంపాను కదా?"

వెనకనుంచి మా అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"నానేనమ్మా. ఒక్కటే తోమినాను. మీరు కూకోడానికి. ఇంత దూరం వొచ్చినోల్లకి కూకోడానికైనా ఒక్క శుభ్రమైన రాయి ఉండొద్దా?" అంది, చీరకొంగు నలుపుతూ. "ఈ రాయికింద పురుగులున్నాయేమో సూసే తోమినాను. ఒక్కటీ లేదు. ఒట్టు తప్పనేదు."

"అత్తా!" అన్నాను. ఆ ఒక్క మాటలో నేను తిట్టదలుచుకున్నవన్నీ ఉన్నాయి.

ఇక దాచి లాభంలేదు. రెండు పరీక్షలకి ముందూ ఊరి ఆడవాళ్ళు రేవంతా తోమారని, పురుగుల్ని కడిగేశారని, నాకు తర్వాతే తెలిసిందని అంతా చెప్పేశాను. ఆవిడ ముఖం మారలేదు. నమ్మిందో లేదో తెలియలేదు.

"మీరు తోమితే పురుగులు పోతాయా?" అని మా అత్తనే అడిగింది.

"పోవేటమ్మా! నాను తోమితే ఒక్కటి మిగల్దు."

"అయితే ఇప్పుడు తోమి చూపించండి," అంటూ పక్కనున్న పచ్చటి, అసహ్యంగా జిగురుపట్టిన రాయి చూపించి, దాని దిగువన తన వల పట్టింది.

మా అత్త నావైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆ చేతుల్ని ఆపుకుంటూ వచ్చింది పాపం.

"తోము అత్తా," అన్నాను. "పీచు వొద్దు. ఉత్త సేత్తోనే."

చీర పైకి దోపి నీళ్ళలోకి దిగింది. రాయి పైనా, పక్కలా, అడుగునా, సందుల్లోకి వేళ్ళు పోనిచ్చి, గంగాళం తోమినట్టు తోమింది. నా జన్మలో నేను రాళ్ళు అంత బాగా రుద్దలేదు. అధికారిణి వల ఎత్తి తెల్లటి పళ్ళెంలో బోర్లించింది.

పచ్చటి జిగురు ముద్ద. కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత ఆ ముద్దలోంచి సన్నటిదేదో జారి, పళ్ళెం నీళ్ళలోకి వచ్చి, మూడు తోకలూ విదిలించింది.

దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి. ఒక ఇసకగూడు. చిన్నమ్మడు గట్టిగా ఏడ్చేసింది. గవరయ్య నా భుజంమీద ఒక్కటి చరిచాడు, ఇంకా నొప్పిగానే ఉంది.

అధికారిణి ఇంకా చాలా రాళ్ళు చూసింది, ఈసారి తనే. కొన్నిటికింద ఉన్నాయి, కొన్నిటికింద లేవు. చేమ మడి చూసింది, కాగితం ముంచింది. తర్వాత ఒడ్డుకి వచ్చి తన పలకలో రాసింది. తోమిన రాయి, తోమని రాయి పక్కపక్కనే కళ్ళముందు కనబడ్డాయి కాబట్టి పాత పరీక్షలు రెండూ చెల్లవట. ఆ ఒక్క రాయి తోమడంవల్ల పురుగులు తగ్గేవే గానీ పెరిగేవి కావు కాబట్టి ఇవాళ్టి పరీక్ష రద్దు కాదట. చలివాగు బతికే ఉంది, జబ్బుతో ఉంది. వానలయ్యాక మళ్ళీ చూస్తారు. ఈలోగా పీచు, బూడిద రేవు దరిదాపులకి రాకూడదు. ఆ చివరి మాట మా అత్త వైపు చూసి చెప్పింది.

నేను ఆవిడకి దణ్ణం పెట్టబోయాను. ఆవిడ తూలి బండని పట్టుకుంది. మెడలో గుడ్డ ఎండిపోయి ఉంది. నుదురు ఇంకా పొడిగానే ఉంది.

చలిగది అరుగుమీంచి మా ఆయన కేకేశాడు. "ఒలే, ఆవిణ్ణి బేగి ఇటు తీసుకురా! ఆవిడకీ పట్టదే!"

అప్పటికి గానీ నాకు బుర్ర వెలగలేదు. ఇన్నేళ్ళు చెమట పట్టని మనిషితో కాపరం చేసి కూడా పోల్చుకోలేకపోయాను. నేనూ మా అత్తా చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టాం. కాళ్ళు నీళ్ళలో పెట్టగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. మా అత్త కొత్త గుడ్డ తడిపి మెడకి చుట్టింది.

కాస్త తేరుకున్నాక, "పట్నంలో మీ వీధిలో ఇలాటోల్లు ఉన్నారా అమ్మా?" అని అడిగాడు మా ఆయన.

"ప్రతి ఇంట్లో ఉన్నారు," అంది. "మా అబ్బాయి కూడా. మీ వాగుకి గొట్టం వేసి ఉంటే మొదటి కాలవ మా వీధికే వచ్చేది."

కొండెక్కుతూ కాలు జారాలని నేను కోరుకున్నది ఈ మనిషే. తిట్టడానికి నాకెప్పుడూ మాటలు తక్కువ కాలేదు గానీ, అప్పుడు ఒక్క మంచిమాట దొరకలేదు. "కొంచెం జరగవయ్యా, ఆవిడకి నీల్లు బాగా తగల్నీ," అని మాత్రం అన్నాను. ఆయన జరిగాడు.

అంకెలు మాత్రమే రాయాలన్నారు కదా, రాస్తున్నాను. నీళ్ళు పద్దెనిమిది డిగ్రీలు. మా అత్త తోమిన రాయికింద మూడుతోకల పురుగులు ఏడు. కాలవలో కాళ్ళు నాలుగు.